మా అవ్వకు పట్టింది దయ్యం కాదు

ఆగస్టు

మా అవ్వ నన్ను మొదటిసారి కొట్టింది రెండేళ్ల కిందట, ఆగస్టులో, ఒక బుధవారం పొద్దున. నాకప్పటికి ముప్పై మూడేళ్లు. మా అమ్మ జ్వరంతో చనిపోయినప్పుడు ఐదేళ్ల పిల్లగా అవ్వ చేతికి వచ్చాను. అప్పటి నుంచి ఆ రోజు దాకా ఆమె చెయ్యి నా మీద లేవడం నేనెరగను. ఆ పొద్దున అన్నం వారుస్తూ ఆగిపోయింది. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు నా మొహంలోకి చూసింది. కాగే గంజి గిన్నె ఎత్తి నా మీదికి విసిరింది. పక్కకు తిరిగాను కాబట్టి మొహం దక్కింది. ఎడమ చెయ్యి మోచేతి దాకా బొబ్బలెక్కింది. నేను కేకలు పెడుతుంటే అట్లకాడ తీసుకుని వీపు మీద రెండు దెబ్బలు వేసింది.

"దొంగముండా, నా ఇంట్లో నీకేం పనే?" అంది.

గంట గడిచాక నా చెయ్యి చూసి ఉలిక్కిపడింది. "సువార్తా, ఏంది మే అది? చెయ్యెట్టా కాలింది?"

"గంజి ఒలికిందవ్వా" అన్నాను.

కొబ్బరినూనె రాసి, కాలిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని ప్రార్థన చేసింది. ఆమె కన్నీళ్లు బొబ్బల మీద పడుతుంటే మంట పుట్టింది. ఆ మంటకంటే నేను చెప్పిన అబద్ధమే ఎక్కువ బాధించింది. కానీ నిజం ఎట్లా చెప్పను?

అవ్వ పేరు దీనమ్మ. నెల్లూరికి తూర్పున, సముద్రానికి దగ్గరగా మా పల్లె. ఒక పక్క వరి, ఒక పక్క రొయ్యల గుంటలు. నేను ఆ ఊళ్లోనే అంగన్‌వాడీ టీచర్ని. అవ్వ వయసులో ఉన్నప్పుడు నెల్లూరులో మిషను ఆసుపత్రిలో కాన్పుల వార్డు ఆయా. ఆ పని మానాక చేతిసంచిలో బైబిలు, పాటల పుస్తకం, నూనె సీసా పెట్టుకుని చుట్టుపక్కల పల్లెలు తిరిగేది. బాలింత ఉన్న ఇల్లు, మంచాన పడ్డ మనిషి ఉన్న ఇల్లు ఎక్కడున్నా వెళ్లేది. కులం అడిగేది కాదు. ముందు ఆ మనిషి కాళ్లకు నూనె రాసేది, తర్వాతే ప్రార్థన. "కాళ్లు నొప్పిగా ఉండే మనిషికి దేవుడి మాట చెవికెక్కదు మే" అనేది.

ఆమెకు మాత్రం ఎడమ చెవి వినపడదు. చిన్నప్పుడు చీము పట్టిందని అందరికీ చెప్పేది. అది మా తాత కొట్టిన దెబ్బ అని నాకు పక్కింటి మస్తాన్‌బీ చెప్పింది. తాత తాగి కొట్టేవాడు. నేను ఆ ఇంటికి రాకముందే పోయాడు. ఆయన గురించి అవ్వ చెడ్డమాట అనగా నేను వినలేదు. మంచిమాటా వినలేదు.

సెప్టెంబరు

సెప్టెంబరు వచ్చేసరికి ఆమె విసరని వస్తువు ఇంట్లో లేదు. చెంబులు, పీటలు, చివరికి లాంతరు. వీధిలో పోయే ఆడపిల్లల మీద రాళ్లు వేసింది. ఒక ఆదివారం చర్చిలో పాట మధ్యలో లేచి, ముందు వరసలో కూర్చున్న ఒక ముసలామె కొప్పు పట్టి వెనక్కి లాగి పడేసింది. ఆమె తల నేలకు కొట్టుకున్న చప్పుడుకు పాట ఆగిపోయింది. జ్వరంలో కూడా ఆదివారం మానని మనిషిని ఆ రోజు నుంచి మేమే ఇంట్లో పెట్టి గొళ్లెం వేశాం. లోపల నుంచి తలుపు మీద తలతో మోదేది. ఆ చప్పుడు వింటూ నేను అంగన్‌వాడీకి నడిచిపోయేదాన్ని.

నొప్పి తలలోనే ఉందని ఆమె చెబుతూనే ఉంది. నుదురు గోడకు ఆనించి కూర్చునేది. నడుస్తుంటే కుడికాలు కొంచెం ఈడ్చేది. వయసు అనుకున్నాం. దగ్గర్లో డాక్టరుకు చూపిస్తే అక్కడా వయసే అన్నారు, నిద్ర మాత్రలిచ్చారు. మా పాస్టరుగారు నాకంటే చిన్నవాడు. ఆయన ఒక్కడే, "ప్రార్థన చేద్దాం తల్లీ. కానీ ముందు నెల్లూరు తీసుకుపోయి తల స్కానింగు తీయించండి" అన్నాడు. ఆమెను పట్టుకుని బస్సెక్కించే ధైర్యం లేక ఇవాళా రేపూ అంటూ వాయిదా వేశాను. దీన్ని చదివేవాళ్లలో ఎవరైనా అట్లా వాయిదా వేస్తుంటే ఇక్కడే ఆపి, లేచి బయల్దేరండి.

మస్తాన్‌బీ బొంతలు కుట్టే మనిషి, అరవై దాటింది. అవ్వ తల దువ్వడానికి వచ్చి కూర్చుంటే, అవ్వ ఆమె చెయ్యి పట్టి బొటనవేలి మొదట్లో కొరికింది. వదల్లేదు. రక్తం గడ్డం మీదుగా కారుతున్నా వదల్లేదు. నేను అవ్వ ముక్కు మూసి పట్టుకుంటే ఊపిరాడక నోరు తెరిచింది. మర్నాడు చేతికి కట్టుతో, సేమ్యా పాయసం గిన్నెతో మస్తాన్‌బీ మళ్లీ వచ్చింది.

"ఎందుకొచ్చినావు పెద్దమ్మా, మళ్లా కొరికితే?"

"కొరకనీ మే. నా మూడు కాన్పులకీ మీ అవ్వే ఉన్నింది. నొప్పులకు తాళలేక మూడుసార్లూ ఆమె చెయ్యే కొరికినా. ఒక్కసారన్నా తిట్టిందా? ఇప్పుడామె వంతు" అని, నాలుగు అడుగుల దూరంలో కూర్చుని, చెంచాకు పొడుగు కర్ర కట్టి పాయసం తినిపించింది. ఆ నెలలో మా ఇంట్లో నవ్వు వినిపించింది ఆ ఒక్క రోజే.

అన్నిటికంటే భయపెట్టింది ఆమె గొంతు. ఉన్నట్టుండి మగవాడిలా బొంగురుపోయేది. "యాడికి పొయ్యొచ్చినావే? ఎవురి కాళ్లు పిసికొచ్చినావు? చెప్పు! ఎముకలిరుస్తా!" అని అరిచేది. అరిచిన వెంటనే రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని కిందికి వంగేది.

మా మామ దేవదానం, అవ్వకు మిగిలిన ఒక్క కొడుకు, మాతోనే ఉండేవాడు. నలభై ఎనిమిదేళ్లు, ట్రాక్టరు తోలతాడు. ఆయన భార్య కరుణ అత్త ఏడాది ముందే పుట్టింటికి నాయుడుపేటకు వెళ్లిపోయింది. ఆ గొంతు మొదలైతే మామ చొక్కా కూడా వేసుకోకుండా బయటికి పరిగెత్తేవాడు. "అది మా అమ్మ కాదు. లోపలెవుడో ఉండాడు" అనేవాడు. సంఘంలో పెద్దలూ ఆ మాటే అన్నారు. దైవభక్తి ఉన్న ఇంటినే సాతాను వెతుక్కుంటూ వస్తాడని ఒకామె నాకు ఓదార్పు చెప్పింది.

ఇప్పుడు నేను చేసింది చెప్పాలి. ఆ నెలాఖర్లో ఒక మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి అవ్వ తన బైబిలు చించి కాగితాలు నోట్లో కుక్కుకుంటోంది. మింగడానికి రాక కళ్లు తేలేస్తోంది. నోట్లో వేళ్లు పెట్టి లాగాను. ఆమె నా కాలిన చేతిని గోళ్లతో చీరింది. కొట్టాను. మళ్లీ కొట్టాను. మూడో దెబ్బకు ముందే నా కోపం తగ్గిపోయింది, అయినా గురిచూసి చెంప మీద కొట్టాను.

అవ్వ మూలకు జరిగి ముడుచుకుంది. రెండు చేతులూ జోడించి నాకేసి చూస్తూ, "వొద్దయ్యా. ఇంక పోనయ్యా. యాడికీ పోనయ్యా" అంది.

ఆమె నోట్లోంచి అరుస్తున్న మగవాడు ఎవరో అప్పుడు తెలిసింది నాకు. అది మా తాత. ఆ క్షణంలో ఆయన నేనే.

అక్టోబరు

అక్టోబరు రెండో వారంలో నేను పిల్లలకు గుడ్లు పంచుతుండగా మస్తాన్‌బీ పరిగెత్తుకుంటూ వచ్చింది. "మీ మామ ఆమెను కట్టేసి కార్లో ఎక్కించుకుపోయినాడు మే. దరికి. ఆ సరుగుడు తోపు కాడికి."

సముద్రం ఒడ్డున సరుగుడు తోపులో దయ్యాలు వదిలించే కూటం ఒకటుందని విన్నాను. మా సంఘానికీ దానికీ సంబంధం లేదు. నడిపేవాడికి ఏ సంఘమూ లేదు. పిల్లల్ని ఆయాకు అప్పజెప్పి ఇద్దరం ఆటో ఎక్కాం. దారంతా మస్తాన్‌బీ వేళ్లు నా మణికట్టు వదల్లేదు.

తాటాకు పందిరి. ఇసుకలో పాతిన గుంజలు. గుంజ గుంజకూ కాలికి గొలుసుతో ఒక మనిషి. ఒక ఆడపిల్ల తనలో తాను లెక్కలు చెప్పుకుంటోంది. ఒక ముసలాయన నిద్రపోతున్నాడో పోయాడో తెలియదు, మొహమంతా ఈగలు. మైకులో పాట చెవులు పగిలేలా మోగుతోంది. పందిరి నడుమ మా అవ్వ వెల్లకిలా ఇసుకలో పడి ఉంది. తెల్లచొక్కా మనిషి ఒకడు ఆమె రొమ్ము మీద మోకాలు పెట్టి, తాటిమట్టతో భుజాల మీద కొడుతున్నాడు. "నీ పేరేంది? పేరు చెప్పి పో!" అని ప్రతి దెబ్బకూ అరుస్తున్నాడు. అవ్వ ఉమ్మింది. అతను చెంప పగలగొట్టాడు. ఆమె పెదవి చీలి పళ్లు ఎర్రగా కనబడ్డాయి.

ఆమె తన్నకుండా కాళ్లు రెండూ అదిమి పట్టుకున్న మనిషి మా మామ. పట్టుకుని బోరున ఏడుస్తున్నాడు.

"మామా, ఇడువు!"

"ఇంకొంచెం ఓర్చుకో సువార్తా. పోతాడు. వాడు పోతాడంట."

"ఆమె పోతాది!" అని అరిచాను.

తర్వాత నేను చేసినవన్నీ వరసగా గుర్తులేవు. తాటిమట్ట నా చేతికి వచ్చింది. అరిచేతులు రంపం కోసినట్టు కోసుకుపోయాయి. ఆ మనిషి మెడ మీద, వీపు మీద కొట్టాను. అతను లేవబోతే మోకాలి మీద కొట్టాను. ఎవరో వెనక నుంచి నా జడ పట్టి లాగారు. పడ్డాను, ఇసుక నోట్లోకి పోయింది. లేచి, దొరికిన చెయ్యి కొరికాను. ఎప్పుడు తెరిచిందో మస్తాన్‌బీ ఫోను తెరిచి పైకెత్తి పట్టుకుంది. "అంతా వీడియో తీసినా. పోలీసోళ్లు దారిలో ఉండారు. తాళంచెయ్యి ఈడ పడెయ్యండి!" అని గట్టిగా అంది. పోలీసులకు ఫోను చెయ్యలేదు, ఆమె ఫోనులో వీడియో కూడా రాదు. అయినా తాళంచెవి ఇసుకలో పడింది.

గొలుసు తీస్తుంటే అవ్వ కదల్లేదు. కుడి కన్ను తెరుచుకుని ఉంది కానీ చూడటం లేదు. మామే ఆమెను ఎత్తుకుని ఆటోలో పడుకోబెట్టాడు. ఆయన్ను నేను రావద్దనలేదు. అంత బరువు ఎత్తే చేతులు మాకు లేవు.

అదే రోజు, నెల్లూరు

ఆసుపత్రిలో స్కానింగు గది బయట సిమెంటు బెంచీ. నా చేతుల్లోంచి కారిన రక్తం చీరకు అంటి ఆరిపోయింది. వచ్చేపోయేవాళ్లు నన్నే రోగి అనుకుని దారి ఇస్తున్నారు. నా పక్కన పులికాటు వైపు నుంచి వచ్చిన ఒక బెస్త ఆవిడ కూర్చుని ఉంది. ఆమె భర్త లోపల ఉన్నాడు. ఏమీ అడక్కుండా తన సీసాలో నీళ్లు నా అరిచేతుల మీద పోసి, చీర కొంగుతో ఇసుక తుడిచింది. ఆమె పేరు అడగాలని కూడా నాకు తోచలేదు.

డాక్టరమ్మ బయటికి వచ్చింది. "ఈ రెండు మూడు నెలల్లో ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలిందా?"

"లేదు మేడమ్" అన్నాను. వెంటనే గుర్తొచ్చింది. "జూన్‌లో చర్చి మెట్ల మీద జారి పడింది. వెనక చిన్న బొప్పి కట్టింది. పసుపు పెట్టినా."

"చిన్నది కాదమ్మా. లోపల రక్తం చేరింది, కొంచెం కొంచెంగా. మెదడును ఒక పక్కకు నొక్కేసింది. మనిషి మారిపోవడం, కోపం, కొట్టడం, కాలు ఈడ్చడం అన్నీ దానివల్లే. ఇప్పుడు ఈ కొత్త దెబ్బలు కూడా తోడైనాయి. వెంటనే రంధ్రం చేసి తీసెయ్యాలి. సంతకం ఎవరు పెడతారు?"

నేను పెట్టాను. వేళ్లు వంగకపోతే పెన్ను రెండు చేతులతో పట్టుకుని పెట్టాను.

డాక్టరమ్మ వెళ్లాక మామ బెంచీ మీద కూర్చున్నవాడు కిందికి జారి నేల మీద కూలబడ్డాడు. "మెట్ల మీద కాదు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"మెట్ల మీద పడలా. నేను తోసినా. నేను కొట్టినానని కరుణ పెట్టిన కేసు కాయితం వచ్చిన పొద్దు. నాయుడుపేట పొయ్యి ఆమెకు నచ్చజెప్పి కేసు తీయించుమా అన్నా. 'నేను పోను, ఆ పిల్ల మొహం చూళ్లేను' అనింది. తాగుండా. తోసినా. ద్వారబంధానికి కొట్టుకునింది. లేచి కూచుని, 'ఎవురికీ చెప్పొద్దు, మెట్ల మీద పడినానంటాలే' అనింది."

"తెలిసి కూడా... దయ్యమన్నావా?"

"దయ్యమైతే బాగుండని అనుకున్నా" అన్నాడు.

బెంచీ మీద ఆ బెస్త ఆవిడ క్యారియర్ ఉంది. ఎత్తి ఆయన మొహాన కొట్టాను. ముక్కు పగిలింది. ఇంకోటి కొట్టబోతే వాచ్‌మన్ వచ్చి నా చేతులు వెనక్కి విరిచిపట్టాడు. మామ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, కదల్లేదు. ఆ బెస్త ఆవిడ సొట్టపోయిన తన క్యారియర్ తీసుకుని, "ఇడిచిపెట్టన్నా, ఆమెను నేను చూసుకుంటా" అంది వాచ్‌మన్‌తో. నన్ను కూర్చోబెట్టింది. క్యారియర్ తెరిచి ఇడ్లీ తుంచి నా నోటికందించింది. "తిను బిడ్డా. కొట్టడానికైనా ఏడవడానికైనా ఒంట్లో సత్తువుండాల" అంది.

ఆపరేషను గది తలుపు తెరుచుకునేదాకా నేను అటు తలుపు వైపు, మామ ఇటు గోడ వైపు చూస్తూ కూర్చున్నాం. మా మధ్య నేల మీద ఆయన ముక్కు నుంచి కారిన రక్తం. తుడిచే మనిషి వచ్చి తుడిచి వెళ్లింది.

నవంబరు

అవ్వకు తెలివి వచ్చింది. గుండు మీద కట్టు, రెండు కళ్ల చుట్టూ నీలం. మాట ముద్దగా వచ్చేది. నన్ను గుర్తుపట్టి మొదట అడిగింది, "ఎవురెవుర్ని కొట్టినా?"

"ఎవర్నీ లేదవ్వా."

"అబద్ధం చెప్పొద్దే. నీ చెయ్యి చూడు."

చెప్పాను. గంజి గిన్నె, చర్చిలో ముసలామె, మస్తాన్‌బీ వేలు, ఒక్కటీ వదలకుండా. చివర నేను కొట్టిన మూడు దెబ్బలూ చెప్పాను. మూడోది ఎట్లాంటిదో కూడా చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది కానీ పర్లేదులే అనలేదు. అననందుకే నాకు కాస్త ఊపిరాడింది.

మర్నాడు మామ గుమ్మంలో నిలబడి ఉండగా డాక్టరమ్మ అడిగింది, "అవ్వా, జూన్‌లో తలకు దెబ్బ ఎట్లా తగిలింది?"

అవ్వ చూపు ఒక్కసారి మామ మీదికి పోయింది. "చర్చి మెట్ల మీద జారినా తల్లీ" అంది.

"అబద్ధం!" అని నేను అరిచిన అరుపుకు వార్డులో పసిపిల్ల ఏడ్చింది. అవ్వ మొహం గోడకు తిప్పుకుంది. తల పగిలింది, గొలుసుతో కట్టేశారు, పెదవి చీల్చారు. ఇంత జరిగినా ఇంకా దాస్తోంది. ఆ రోజు నాకు ఆమె మీద వచ్చినంత కోపం జబ్బులో ఉన్నప్పుడు కూడా రాలేదు.

ఇంటికి తెచ్చాక రెండు వారాలకు, నేను తలకు తడిగుడ్డ అద్దుతుంటే అడిగింది. "మొగగొంతుతో అరిచినానంట. మస్తాన్‌బీ చెప్పింది. ఏమని అరిచినా?"

ఆ మాటలు అట్లాగే చెప్పాను. ఎవరి కాళ్లు పిసికొచ్చినావు, ఎముకలిరుస్తా. అవ్వ నా చేతిలోంచి తడిగుడ్డ తీసుకుని పక్కన పెట్టింది.

"మీ తాత మాటలవి. ఒక్క అచ్చరం పోలా" అంది. "నేను ప్రార్థన చేస్తే లోపల్నుంచి పోయినాయనుకున్నా. యాడ పోతాయి? నేను దాచిపెట్టినా. దాచిపెట్టి నా కొడుక్కిచ్చినా."

డిసెంబరు

డిసెంబరు మొదటి ఆదివారం అవ్వ చర్చికి వచ్చింది. జనం తిరిగి తిరిగి చూశారు. కొందరు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. సాక్ష్యాలు చెప్పే వేళ పాస్టరుగారు, "దీనమ్మగారిని దేవుడు బాగుచేశాడు, ఆమె రెండు మాటలు చెబుతారు" అన్నారు. మేమంతా స్తోత్రం వినడానికి సిద్ధపడ్డాం. ఆమె నా భుజం పట్టుకుని లేచింది.

"నాకు దయ్యం పట్టలా" అంది. "నా కొడుకు దేవదానం నన్ను తోస్తే తల పగిలింది. డాక్టరమ్మకు మెట్ల మీద పడినానని చెప్పినా. అబద్ధం. నా చెవిలో చీము కారలా. మా ఆయన కొడితే పోయింది. అదీ అబద్ధమే చెప్పినా. నా కోడలు కరుణకు చెయ్యిరిగితే, బాయికాడ పడిందని పోలీసోళ్లకు చెప్పినా. ఈ చర్చిలో కూచుని ఇన్నేళ్లు..."

వెనక కుర్చీ పడిన చప్పుడు. మామ మగవాళ్ల వైపు నుంచి ముందుకు వస్తున్నాడు. మొహం కందగడ్డలా ఉంది. చేతులు పిడికిళ్లు. ఇద్దరు పట్టుకోబోతే విదిలించి కొట్టాడు. ఒకాయన కళ్లద్దాలు ఎగిరి పడ్డాయి. ఆడవాళ్లు కేకలు పెట్టారు. నేను అడ్డం నిలబడ్డాను. అవ్వ నన్ను పక్కకు నెట్టింది. అంత బలం ఆమెకు ఎక్కడిదో.

"ఇంట్లో కొట్టేది ఈడ కొట్టు రా" అంది. "అందరూ చూస్తుండారు. నేనెవురికీ మెట్లని చెప్పేది లేదు."

ఆమె గుండు మీద కుట్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి. మామ చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. ఎంతసేపో నేను చెప్పలేను. తర్వాత ఆ చేత్తోనే తన మొహం మీద తాను కొట్టుకున్నాడు. రెండుసార్లు, మూడుసార్లు. "కొట్టుకోబాక" అంది అవ్వ, గొంతు పెంచకుండా. "అదీ కొట్టడమే." ఆయన తిరిగి, పడిన కుర్చీ దాటుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఉండలేదు. రొయ్యల గుంటల దగ్గర షెడ్డులో ఉంటున్నాడు. తాగుడు మానాడని కొందరంటారు, లేదని కొందరంటారు. నేను వెళ్లి చూడలేదు.

ఆ మంగళవారమే అవ్వ నన్ను నాయుడుపేట తీసుకుపొమ్మంది. కరుణ అత్త పుట్టింటి గుమ్మంలో నిలబడింది, లోపలికి రమ్మనలేదు. ఆమె కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంకరగా అతుక్కుంది.

"క్షమించమని అడగడానికొచ్చినావా అత్తా? నా దగ్గర లేదు ఇచ్చేదానికి."

"అడగను" అంది అవ్వ. "నీ కేసులో సాక్ష్యం చెప్తా. ఎప్పుడు పిలిస్తే అప్పుడొస్తా. ఆ మాట చెప్పిపోదామని వచ్చినా."

కరుణ అత్త ఆమె గుండు మీద కుట్ల వైపు చూసింది. చివరికి, "ఎండలో నిలబడొద్దు. తల మీద ఆపరేషనంట కదా" అని అరుగు మీద చాప వేసింది.

మరుసటి ఏడాది జులై

అవ్వ ఆపరేషను తర్వాత పదహారు నెలలు బతికింది. ఈ ఫిబ్రవరిలో ఒక పొద్దున ప్రార్థనకు కూర్చుని మంచానికి ఒరిగిపోయింది. నొప్పి పడలేదు. ఆమె సమాధిలో మట్టి వేసేవాళ్లలో మామ కూడా ఉన్నాడు. ఎవరూ ఆయన్ను పిలవలేదు, ఎవరూ వెళ్లమనలేదు. సంతాప కూడికలో అందరూ ఆమె చేసిన ప్రార్థనలు, తిరిగిన పల్లెలు చెప్పుకున్నారు. అవన్నీ నిజమే. నాకు మాత్రం ఆమె జీవితంలో అంతకంటే పెద్దగా కనిపించే రోజు ఒకటుంది. ఆమె పోవడానికి ఏడు నెలల ముందు, ఆ జులైలో, కరుణ అత్త కేసులో కోర్టు బోను ఎక్కిన రోజు.

అంతకు ముందు వారం రోజులు ఆమె సరిగా తినలేదు. "కన్నకొడుకు మీద చెప్పబోతుండా. దేవుడు మెచ్చుకుంటాడో లేదో నాకు తెలీదు మే" అంది. మానెయ్యమని నేను అనలేదు. మామ దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కరుణ అత్త నా పక్కన కూర్చుంది.

మామ తరఫు లాయరు లేచాడు. మర్యాదగానే మాట్లాడాడు. "అవ్వా, మీ తలకు ఆపరేషను జరిగింది కదా?"

"జరిగింది."

"దానికి ముందు మీరు మనుషుల్ని కొరికారు, రాళ్లతో కొట్టారు. మీకు మతి లేదని, దయ్యం పట్టిందని ఊరంతా అనుకుంది. నిజమేనా?"

"నిజమే."

"మరి ఆ మతి లేని మనిషి చెప్పే మాట కోర్టువారు ఎట్లా నమ్మాలి?"

ఆ జబ్బు ఇన్ని చేసి చాలక, ఇప్పుడు ఆమె నోటిని కూడా పట్టుకుందనుకున్నాను. అవ్వ బోను కడ్డీ పట్టుకుని, వినపడే కుడిచెవి అతని వైపు తిప్పి, పూర్తిగా విన్నది.

"నాకు తల పగిలింది పోయినేడు నాయనా. ఈ పిల్ల చెయ్యిరిగింది దానికి ముందేడు. అప్పుడు నా మతి బాగనే ఉండాది. నా కళ్లు బాగనే ఉండాయి" అంది. "నా కొడుకు ఆ పిల్ల చెయ్యి గడప మీద బెట్టి తొక్కినాడు. నేను వరండాలో నిలబడి చూసినా. ఆ పిల్ల 'అత్తా' అని నన్నే పిలిచింది. నేను పొయ్యి తలుపేసినా, అరుపులు పక్కింటోళ్లకు వినపడకూడదని."

జడ్జిగారు టైపు చేసే అమ్మాయి వైపు తిరిగి, అవ్వ చెప్పింది చెప్పినట్టే రాయమన్నారు.